సందేహము కలిగినప్పుడు ప్రార్థన మానవలెనా?



ఆదివారపు ఆరాధన ముగిసి, అందరును ఇండ్లకు వెళ్లిన తరువాత, ఒకరిద్దరు గుమ్మము దగ్గర ఆగిపోవుట కాపరులందరికి తెలిసిన విషయమే. వారు చుట్టు చూచి, గొంతు తగ్గించి, "అయ్యగారూ, ప్రార్థన చేస్తూనే ఉన్నాను, కాని ఆయన వింటున్నాడో లేదో తెలియడం లేదండి" అని అందురు. కూడికలో అందరి యెదుట ఈ మాట ఎవరును అనరు. అంటే విశ్వాసములో బలహీనులని పేరు వచ్చునని భయము.

ఇట్లు అడుగువారు దేవుని విడిచినవారు కారు. మూడవ బోరు కూడ ఎండిపోగా అప్పు తెచ్చిన వడ్డీ లెక్క కట్టుకొనుచున్న రైతు, గల్ఫుకు వెళ్లిన కుమారుని నుండి నెలలుగా కబురు లేని తల్లి, భర్తను వారమునకు రెండు సారులు డయాలసిస్‌కు తీసికొని వెళ్లుచున్న భార్య, పరీక్ష తప్పి ఇంటిలో తల ఎత్తలేకయున్న యౌవనస్థుడు – వీరే అడుగుచున్నారు. సంవత్సరముల తరబడి మోకాళ్లూనినవారే ఇప్పుడు మోకాళ్లూనినప్పుడు మాట రాక కూర్చుండిపోవుచున్నారు.

వీరికి మనము సాధారణముగా రెండు జవాబులు చెప్పుదుము. మొదటిది, "సందేహము సాతాను పని, దానిని మనస్సులోనికి రానీయవద్దు" అనునది. రెండవది, "నీకు విశ్వాసము చాలలేదు, అందుకే జవాబు రాలేదు" అనునది. ఈ రెండు జవాబులును అడిగినవాని నోరు మూయించునే గాని అతని భారము దించవు. నోరు మూసికొన్నవాడు మెల్లగా ప్రార్థన మానును, తరువాత ఆరాధన మానును. కనుక ఈ నెల ఈ విషయమును పరిశుద్ధ గ్రంథము వెలుగులో కొంచెము నిదానముగా ఆలోచింతము. మేము చెప్పదలచినది ఒక్కటే: సందేహము తీరిన తరువాత ప్రార్థన చేయవలెనని గ్రంథము చెప్పుట లేదు. సందేహమునే దేవుని యొద్దకు తెచ్చి చెప్పుకొనుట కూడ ప్రార్థనయే.

భక్తులు ఎట్లు ప్రార్థించిరి?

కీర్తనల గ్రంథములో 150 కీర్తనలున్నవి. వాటిలో స్తుతి కీర్తనలే ఎక్కువని మనము అనుకొందుము. అయితే లెక్కించి చూచినచో దాదాపు మూడవ వంతు మొరలే. 13వ కీర్తన ఆరు వచనముల చిన్న కీర్తన. అందులో మొదటి రెండు వచనములలోనే దావీదు "ఇంకా ఎంతకాలము" అను భావముతో దేవుని నాలుగు మారులు అడుగుచున్నాడు. తన్ను మరచిపోయితివా అని కూడ అడుగుచున్నాడు. ఆ మాట మన ఇంటిలో ఎవరైనను అంటే వెంటనే గద్దింతుము. దేవుడైతే ఆ మాటను తన గ్రంథములో వ్రాయించి, తరతరముల ప్రజలు తన ఆలయములో పాడునట్లు చేసెను.

ఆ కీర్తన చివరికి నమ్మకముతో ముగియును. అయితే అన్ని కీర్తనలును అట్లు ముగియవు. 88వ కీర్తన చదివి చూడుడి. అది మొర్రతో మొదలై, మధ్యలో మొర్రపెట్టి, చీకటిలోనే ముగియును. చివర ఒక ఆదరణ వచనమైనను లేదు. అయినను అది గ్రంథములో నున్నది. ఆ కీర్తన వ్రాసిన హేమాను తనకు వెలుగు కనబడువరకు ఆగి తరువాత వ్రాయలేదు. చీకటిలో నుండియే దేవుని పేరు పెట్టి పిలిచెను. మీకు ఎప్పుడైనను ప్రార్థన అయిన తరువాత కూడ మనస్సు తేలిక కాకుండినచో, మీ ప్రార్థన చెడిపోయినదని అనుకొనకుడి. హేమాను ప్రార్థన కూడ అట్లే ముగిసినది.

బాప్తిస్మమిచ్చు యోహాను సంగతి మత్తయి సువార్త 11వ అధ్యాయములో నున్నది. యొర్దాను నది యొద్ద ప్రభువును అందరికి చూపించినవాడు ఆయనే. అట్టివాడు చెరసాలలో నున్నప్పుడు, రావలసినవాడవు నీవేనా లేక మరియొకని కొరకు చూడవలెనా అని శిష్యుల చేత అడిగించెను. ప్రభువు ఆయనను గద్దింపలేదు. మీరు చూచినవి, విన్నవి వెళ్లి చెప్పుడని ఆ శిష్యులకు చెప్పెను. వారు వెళ్లిన తరువాత జనుల యెదుట యోహానును ఎంతో గొప్పగా మెచ్చుకొనెను. ఇక్కడ రెండు సంగతులు గమనించుడి. యోహాను తన సందేహమును ఊరివారికి చెప్పలేదు, ప్రభువు యొద్దకే పంపెను. రెండవది, ఆయనకు జవాబు వచ్చెను గాని చెరసాల తలుపు తెరువబడలేదు. ఆయన అక్కడే హతుడాయెను. జవాబు వేరు, విడుదల వేరు. విడుదల రానందున జవాబు రాలేదని చెప్పరాదు.

ఒక తండ్రి చేసిన ప్రార్థన

మార్కు సువార్త 9వ అధ్యాయములో దయ్యము పట్టిన కుమారుని తీసికొని వచ్చిన తండ్రి కథ మనకందరికి తెలిసినదే. శిష్యులు స్వస్థపరచలేకపోయిరి. శాస్త్రులు వారితో తర్కించుచుండిరి. పిల్లవాడు నేలమీద పడి పొర్లుచుండెను. ఆ తండ్రి ప్రభువుతో తనకు నమ్మకమున్నదనియు, తన అపనమ్మకము విషయములో తనకు సహాయము కావలెననియు ఒక్క ఊపిరిలోనే చెప్పెను. ప్రభువు, "ముందు నీ అపనమ్మకము పోగొట్టుకొని రమ్ము" అని అతని ఇంటికి పంపలేదు. ఆ క్షణముననే పిల్లవానిని బాగుచేసెను.

తరువాత ఇంటిలో శిష్యులు, మేమెందుకు చేయలేకపోతిమని అడుగగా, ప్రార్థన వలననే అది సాధ్యమని ప్రభువు చెప్పెను. ఇప్పుడు ఆ అధ్యాయమును మరల చదువుడి. ఆ గుంపులో ప్రార్థన చేసినదెవరు? శాస్త్రులు తర్కించిరి. శిష్యులు ప్రయత్నించిరి. జనులు చూచిరి. ప్రభువును బ్రతిమాలుకొన్నవాడు ఆ తండ్రి ఒక్కడే. సగము నమ్మకము, సగము అపనమ్మకము కలిసిన ఆ మొర్రయే అక్కడ వినబడిన ప్రార్థన.

మరి యాకోబు మాట సంగతి ఏమి?

ఇక్కడ కొందరు యాకోబు పత్రిక 1వ అధ్యాయము 6 నుండి 8 వచనములను చూపింతురు. సందేహించువాడు సముద్ర తరంగము వంటివాడనియు, అట్టివానికి ఏమియు దొరకదనియు అక్కడ వ్రాయబడినది గదా అని అడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. దానిని దాటిపోరాదు.

మొదట 5వ వచనము చూడుడి. అక్కడ అడుగుచున్నది జ్ఞానము. దేవుడు అడిగినవానిని గద్దింపక ధారాళముగా ఇచ్చునని ఆ వచనమే చెప్పుచున్నది. గద్దింపని దేవుడు తరువాతి వచనములో గద్దించువాడుగా మారడు. 8వ వచనములో యాకోబు చెప్పుచున్నది ద్విమనస్కుని గూర్చి. అనగా రెండు మనస్సులు గలవాడు, రెండు పడవల మీద కాళ్లు పెట్టినవాడు. ఒక ఉదాహరణ చెప్పెదము. కుమారునికి సంబంధము చూచుచు, ఇంత కట్నము లేనిదే ఒప్పుకొనరాదని ఇంటిలో ముందే నిర్ణయించుకొని, తరువాత కాపరిని పిలిచి "దేవుని చిత్తము తెలియునట్లు ప్రార్థించండి" అని అడుగువాడున్నాడు. అతడు ద్విమనస్కుడు. అతనికి దేవుని మాట వినుటకు మనస్సు లేదు. బిడ్డ జ్వరముతో ఆసుపత్రి వరండాలో కూర్చుండి "ప్రభువా, ఉన్నావా?" అని ఏడ్చు తల్లి అట్టిది కాదు. ఆమెకు ఉన్నది ఒక్కటే మనస్సు. అది విరిగియున్నది. విరిగిన మనస్సు వేరు, రెండుగా చీలిన మనస్సు వేరు.

సందేహపడువారి మీద కనికరము చూపవలెనని యూదా తన పత్రికలో (22వ వచనము) సంఘమునకు ఆజ్ఞ ఇచ్చుచున్నాడు. ఆ ఆజ్ఞను మనము పాటించుచున్నామా?

ఒకే సంఘము, ఒకే ప్రార్థన

అపొస్తలుల కార్యములు 12వ అధ్యాయము ఈ విషయములో మనకు గొప్ప పాఠము. హేరోదు రాజు యాకోబును ఖడ్గముతో చంపించెను. తరువాత పేతురును చెరలో వేయించెను. సంఘము పేతురు కొరకు అత్యాసక్తితో ప్రార్థించెను. దేవదూత పేతురును విడిపించెను. అతడు వచ్చి తలుపు తట్టగా రొదే అను చిన్నది స్వరము గుర్తుపట్టి లోపలికి పరుగెత్తి చెప్పెను. లోపల ప్రార్థించుచున్నవారు నమ్మిరా? లేదు, నీవు పిచ్చిదానవని ఆమెతో అనిరి. తాము అడిగినది తలుపు బయట నిలువబడి తట్టుచుండగా నమ్మలేకపోయిరి. అయినను దేవుడు వారి ప్రార్థన వినెను.

మరి యాకోబు? ఆయన కొరకు ఎవరును ప్రార్థింపలేదా? ఆయన ప్రభువు యొక్క పన్నిద్దరిలో ఒకడు. యెరూషలేము సంఘమునకు ఎంతో ప్రియుడు. ఆయనకు విశ్వాసము తక్కువై చనిపోలేదు, పేతురుకు విశ్వాసము ఎక్కువై బ్రదుకలేదు. ఒకరు బ్రదుకుటయు ఒకరు చనిపోవుటయు ఎందుకో లూకా వివరింపలేదు. గ్రంథము వివరింపని దానిని మనము దుఃఖించువారి యింటిలో కూర్చుండి వివరింప ప్రయత్నింపరాదు.

ఈ మాట గట్టిగా చెప్పుటకు కారణమున్నది. మా ప్రాంతములో ఒక తల్లికి ఆరేండ్ల బిడ్డ జ్వరముతో చనిపోయెను. సమాధి కార్యక్రమము అయిన సాయంకాలమే దూరపు బంధువు ఒకరు, "ఇంకా రెండు రోజులు ఉపవాసముండి ప్రార్థించి యుంటే బ్రదికేవాడు" అనెను. ఆ మాట ఆమెలో ముల్లువలె విరిగిపోయెను. ఆమె మందిరమునకు వచ్చుట మానలేదు గాని, రెండు సంవత్సరములు ఆమె నోట ప్రార్థన రాలేదు. పాట పాడలేదు. స్త్రీల సమాజము వారు ఆమెను బలవంతపెట్టలేదు. ప్రతి గురువారము ఇద్దరు వెళ్లి, ఆమెతో కూర్చుండి, కూర తరిగి, పొయ్యి దగ్గర సాయము చేసి, వచ్చునప్పుడు తామే ఒక చిన్న ప్రార్థన చేసి వచ్చిరి. ఒక గురువారము ఆమెయే నోరు తెరచి, "ప్రభువా, నాకు నీ మీద కోపంగా ఉంది" అని చెప్పి ఏడ్చెను. ఆ స్త్రీలు ఆమేన్ అనిరి. అది సరియైన ఆమేన్ అని మేము నమ్ముచున్నాము. రెండేండ్ల మౌనము తరువాత ఆమె మాటలాడినది దేవునితోనే గదా!

మన ప్రార్థన కొండ చెప్పు సంగతి

తెలుగు సంఘములకు ఈ విషయములో స్వంత చరిత్రయే యున్నది. అమెరికను బాప్టిస్టు మిషనరీ సామ్యూల్ డే గారు 1836లో తెలుగు వారి మధ్యకు వచ్చి, 1840లో నెల్లూరులో పని ప్రారంభించిరి. ఏండ్లు గడచినను ఫలము అతి స్వల్పము. 1853లో అమెరికాలోని ఆల్బనీలో జరిగిన సభలో, ఈ పనిని మూసివేయవలెనా అని పంపినవారే చర్చించిరి. తెలుగు మిషనుకు "ఒంటరి నక్షత్రము" అను పేరు వచ్చినది ఆ దినములలోనే.

1854 జనవరి 1వ తేదీ తెల్లవారుజామున లైమన్ జ్యూయెట్ గారు, ఆయన భార్య, క్రిస్టియన్ నర్సు, జూలియా, రూతు అను తెలుగు విశ్వాసులు ముగ్గురు, మొత్తము ఐదుగురు ఒంగోలు దగ్గరి కొండ ఎక్కి, ఆ ప్రాంతమునకు దేవుని సేవకుని పంపుమని ప్రార్థించిరి. ఆ కొండనే నేడు ప్రార్థన కొండ అని పిలుచుచున్నాము. వారు దిగివచ్చినప్పుడు ఒంగోలు ఎప్పటివలెనే యుండెను. 1862లో పని మూసివేయు ప్రశ్న మరల లేచెను. జాన్ క్లౌ గారు ఒంగోలు చేరినది 1866లో. అనగా ఆ ప్రార్థనకును ఆ రాకకును మధ్య పన్నెండు సంవత్సరములు. 1878 జూలై 3న గుండ్లకమ్మ నది యొద్ద వెల్లంపల్లిలో ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి.

ఈ కథను మనము సాధారణముగా చివరి అంకెతో చెప్పుకొని సంతోషింతుము. మధ్యనున్న సంవత్సరములను కూడ చెప్పుకొనవలెను. పంపినవారికే నిశ్చయము లేని దినములలో ఆ ఐదుగురు ప్రార్థించిరి. 1855లో గాని 1860లో గాని ఆ ప్రార్థన వ్యర్థమైనదని ఎవరైనను అని యుండినచో, కంటికి కనబడు రుజువు చూపుటకు వారి యొద్ద ఏమియు లేదు.

మరియొక సంగతి కూడ దాచరాదు. ఆ బాప్తిస్మములకు ముందు 1876 నుండి 1878 వరకు భయంకరమైన కరవు వచ్చెను. దక్షిణ దేశములో లక్షలాది మంది చనిపోయిరి. వారిలో ప్రార్థించినవారు లేరా? ఉండిరి. ఆ దినములలో క్లౌ గారు ప్రార్థన కూటములు మాత్రమే పెట్టి ఊరకుండలేదు. బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకము పనిని కంట్రాక్టు తీసికొని, ఆకలిగొన్న వారికి కూలి దొరకునట్లు చేసిరి. కరవు ఎందుకు వచ్చెనను ప్రశ్నకు వారికి జవాబు దొరకలేదు గాని, చేతికి పని దొరికెను. జవాబు తెలియని దినములలో ప్రార్థన చేయు మనిషి చేతులు కట్టుకొని కూర్చుండనక్కర లేదు.

అట్టి దినములలో ఏమి చేయవలెను?

మొదటిది, చిన్న ప్రార్థన చేయుడి. గంట సేపు ప్రార్థింపలేనప్పుడు ఒక్క మాట చాలును. నీళ్లలో మునిగిపోవుచు పేతురు చేసిన ప్రార్థన ఒక్క కేకయే. మాట కూడ రానప్పుడు రోమా 8:26 జ్ఞాపకము చేసికొనుడి. ఎట్లు ప్రార్థింపవలెనో తెలియని మన కొరకు ఆత్మయే మూలుగులతో విజ్ఞాపన చేయునని అక్కడ వ్రాయబడినది. మీ మూలుగు లెక్కలోనికి వచ్చుచున్నది.

రెండవది, గ్రంథములోని మాటలను అరువు తెచ్చుకొనుడి. కుటుంబ ప్రార్థనలో ఎప్పుడును 23వ కీర్తన, 121వ కీర్తన మాత్రమే గాక, 13, 77, 88 కీర్తనలు కూడ బిగ్గరగా చదువుడి. హబక్కూకు గ్రంథము మొదటి అధ్యాయముతో ప్రారంభించి మూడవ అధ్యాయము చివరి వరకు ఒక వారములో చదువుడి. పొలములో పంట లేదు, దొడ్డిలో గొఱ్ఱెలు లేవు, శాలలో పశువులు లేవు అను దినమున ఆ ప్రవక్త దేవునితో ఏమనెనో మన రైతు కుటుంబములకు బాగుగా అర్థమగును.

మూడవది, శరీరమును నిర్లక్ష్యము చేయకుడి. 1 రాజులు 19వ అధ్యాయములో ఏలీయా అలసి, చెట్టు క్రింద కూర్చుండి, చావు కోరుకొనెను. దేవుడు అతనికి వెంటనే ప్రసంగము చేయలేదు. నిద్ర ఇచ్చెను, రొట్టె ఇచ్చెను, నీళ్లిచ్చెను. మరల నిద్ర, మరల ఆహారము. మాట తరువాత వచ్చెను. నిద్ర పట్టక, ఆకలి లేక, బ్రతుకు మీద విసుగు కలిగినచో అది విశ్వాస లోపమని దాచకుడి. ఇంటివారితో చెప్పుడి, వైద్యునికి చూపించుడి. ప్రభుత్వము వారి టెలి మానస్ ఫోను నంబరు 14416 కు ఉచితముగా ఫోను చేసి తెలుగులో మాటలాడవచ్చును. అట్లే ప్రార్థన చేయించుకొన్నామని మందులు మానివేయకుడి. ముఖ్యముగా క్షయ వ్యాధికి మందులు సాధారణముగా ఆరు నెలలు వాడవలెను. దగ్గు తగ్గినదని మధ్యలో మానినచో వ్యాధి మొండిదై, ఆ మందులకు లొంగకపోవచ్చును. ఆ మందులు ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితముగా ఇచ్చుదురు. మందు మ్రింగుట ప్రార్థనకు విరోధము కాదు.

నాలుగవది, ఒంటరిగా ఉండకుడి. తోమా పునరుత్థానమును నమ్మనని చెప్పిన తరువాత కూడ మిగిలిన శిష్యులు అతనిని వెలివేయలేదు. ఎనిమిది దినములైన తరువాత ప్రభువు వచ్చినప్పుడు తోమా వారితోకూడ ఆ ఇంటిలోనే యుండెను. అతడు వెళ్లిపోయి యుండినచో, వారు వెళ్లగొట్టి యుండినచో, ఆ దర్శనము అతనికి దక్కి యుండునా?

సంఘ పెద్దలకు ఒక మనవి

మన కూడికలలో సాక్ష్యము చెప్పుటకు జవాబు పొందినవారే నిలువబడుదురు. ఉద్యోగము వచ్చినవారు, స్వస్థత పొందినవారు, బిడ్డ పుట్టినవారు. అది మంచిదే, దేవునికి మహిమ కలుగును గాక. అయితే ఇంకను కనిపెట్టుచున్నవారికి మన కూడికలో చోటేది? నెలకొకసారియైనను, "నేనింకా అడుగుచున్నాను, నాకు జవాబు రాలేదు, నా కొరకు ప్రార్థించండి" అని చెప్పుటకు సమయమియ్యుడి. వారు చెప్పినప్పుడు ఎవరును సలహా చెప్పకుందురు గాక. పక్షవాయువు గలవానిని నలుగురు మోసికొని వచ్చినప్పుడు ప్రభువు ఆ మోసినవారి విశ్వాసమును చూచెనని మార్కు 2వ అధ్యాయములో చదువుచున్నాము. నడువలేనివానిని మోయుట సంఘము పని. నీవెందుకు నడువవని అడుగుట కాదు.

మత్తయి 28:17లో, కొండమీద పునరుత్థానుడైన ప్రభువునకు మ్రొక్కిన శిష్యులలో కొందరు సందేహించిరని వ్రాయబడినది. ప్రభువు వారిని వేరుచేసి ప్రక్కన నిలువబెట్టలేదు. సమస్త జనములను శిష్యులనుగా చేయుడను ఆజ్ఞను, సదాకాలము తోడుగా నుందునను వాగ్దానమును అందరికిని కలిపియే ఇచ్చెను. ఆ వాగ్దానము మీకును ఉన్నది.

ఈ నెల కుటుంబ ప్రార్థనలో ఈ మాటలు ఉపయోగించుకొనవచ్చును:

ప్రభువా, మేము అడిగినది ఇంకను రాలేదు. ఎందుకో మాకు తెలియదు. నీవు వినుచున్నావని కొన్ని దినములు నమ్ముచున్నాము, కొన్ని దినములు నమ్మలేకయున్నాము. ఆ రెండు దినములలోను నీ యొద్దకే వచ్చుచున్నాము, మేము పోవుటకు వేరొక చోటు లేదు. ఈ రాత్రికి కావలసిన నిద్రను, రేపటికి కావలసిన బలమును మాకిమ్ము. మా పొరుగున మాట రాక కూర్చున్నవారి యొద్దకు మమ్మును పంపుము. యేసు నామమున వేడుచున్నాము. ఆమేన్.